పదకొండు గంటల హెచ్చరిక

పన్నెండేళ్ల పాటు తుఫాను హెచ్చరిక మా ఊరి టీవీల్లోకి నా చేతి మీదుగానే వెళ్లింది. ఈ మాట గొప్పగా వినిపిస్తుంది కానీ జరిగేది చాలా చిన్న పని. కలెక్టరు ఆఫీసు నుంచి మా కేబుల్ టీవీ కంట్రోల్ రూముకి ఫోను వచ్చేది. అవతలి గుమాస్తా చదివేదంతా నేను కాగితం మీద రాసుకునేదాన్ని. గాలి ఎంత వేగంతో వీస్తుంది, వేటకి ఎవరు వెళ్లకూడదు, ఏ మండలాలు జాగ్రత్తగా ఉండాలి. ఆ కాగితం ముందు పెట్టుకుని కంప్యూటర్లో కొడితే తెర అడుగున ఎర్ర పట్టీ మీద తెల్లటి అక్షరాలు నడిచేవి. తర్వాత రేపల్లెకీ బాపట్లకీ ఫోన్లు చేసి అదే కాగితం మళ్లీ చదివేదాన్ని. అక్కడి ఆపరేటర్లు వాళ్ల కంప్యూటర్లలో కొట్టుకునేవాళ్లు. ఎవరైనా టీకి వెళితే, ఆ టీ అయ్యేదాకా హెచ్చరిక కూడా ఆగేది. ఒకసారి రేపల్లెలో స్క్రోలింగ్ మొదలయ్యేసరికి అక్కడ ఇళ్ల మీద రేకులు లేచిపోతున్నాయని ఆపరేటరే చెప్పాడు.

పైగా ఆ పట్టీ మా లోకల్ ఛానల్లో మాత్రమే కనపడేది. ఆ ఛానల్‌ని ఎవరూ చూడటం లేదని మా అందరికీ తెలుసు. ఒకప్పుడు అందులో సాయంత్రం వార్తలు చదివింది నేనే. కరెంటు కోతలు, రేషన్ సరుకుల తేదీలు, తప్పిపోయిన గేదెల ప్రకటనలు. అప్పట్లో తెనాలి మార్కెట్లో కూరగాయలు కొంటుంటే నా గొంతు విని తలెత్తి చూసేవాళ్లు. తర్వాత వార్తలు ఆపేశారు. నన్ను లోపలి గదిలో, ఛానళ్లన్నీ చిన్న చిన్న చతురస్రాలుగా కనపడే తెరల ముందు కూర్చోబెట్టారు. ఆ గదికి కిటికీ లేదు. ఏసీ మిషను చప్పుడు తప్ప మాటలు ఉండవు, ఎందుకంటే ఛానళ్లన్నిటినీ శబ్దం తీసేసే చూస్తాం. అన్ని తెరల్లోనూ మనుషులు నోళ్లు కదుపుతుంటారు, ఒక్కటీ వినపడదు. ఇంటికి వెళితే అక్కడా అంతే. అమ్మ పోయాక నేనున్న రెండు గదుల్లో మాట్లాడే అవసరం లేకుండా పోయింది. ఆదివారం చర్చిలో పాడేటప్పుడు, వారం మొత్తంలో ఇదే కదా నేను నోరు పూర్తిగా తెరవటం అనిపించేది.

మూడేళ్ల కిందట కొత్త బాక్సులు వచ్చాయి. హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వాటిని తీసుకొచ్చాడు. ఇంచుమించు నా వయసువాడే, నెమ్మదస్తుడు, ప్రతి మాటకీ ముందు కళ్లజోడు సర్దుకునేవాడు. ఇకనుంచి హెచ్చరిక ఒక్కచోట తయారై నేరుగా ఈ బాక్సుకి వస్తుందని చెప్పాడు. ఏ మండలాలకి అవసరమో ఆ కంట్రోల్ రూముల్లో బాక్సు తనంతట తానే అన్ని ఛానళ్లనూ ఆపేస్తుంది. సీరియల్ గానీ క్రికెట్ గానీ ఏదీ మినహాయింపు కాదు. ముందు బీప్ శబ్దం, తర్వాత తెర మీద అక్షరాలు, వెనక ఒక గొంతు. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

నాకు సంతోషంగానే అనిపించింది. టీ తాగటానికి వెళ్లని ఆపరేటరు ఆ గదికి రావటం మంచిదే.

చిక్కల్లా గొంతు దగ్గర వచ్చింది. బాక్సులో ఉన్న మిషను గొంతు తెలుగు చదివేది కానీ మన ఊళ్ల పేర్లకి దాని నోరు తిరిగేది కాదు. అమృతలూరు అనమంటే మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టినట్టు పలికింది. సూర్యలంకని రెండు ముక్కలు చేసింది. ఇంజనీరు నవ్వి, ఇది బాగుపడేదాకా ఒక మనిషి గొంతు రికార్డు చేసి పెట్టుకుందామన్నాడు. ఎవరైనా చదవగలరా అని మా మేనేజరుని అడిగితే ఆయన నా వైపు చూశాడు.

సామాన్లు పెట్టే గదిలో గోడలకి నాలుగు బొంతలు వేలాడదీసి రికార్డు చేశాం. ఫ్యాను ఆపేస్తే చెమటలు ధారగా కారాయి. ఇంజనీరు ఇచ్చిన కాగితంలో వాక్యాలు ఆఫీసు తెలుగులో ఉన్నాయి. "తీరప్రాంత వాసులు తక్షణమే పునరావాస కేంద్రములకు తరలవలెను" అని. ఇది ఎవరికి అర్థమవుతుందండీ అని అడిగాను. మీరే మార్చండి అన్నాడు. కూర్చుని మార్చాను. తుఫాను వస్తోంది, ఇళ్లు వదిలి షెల్టర్‌కి వెళ్లండి. పశువుల పలుపులు విప్పి వదిలేయండి. మంచినీళ్లు, మందులు దగ్గర పెట్టుకోండి. చివర్లో ఒక వాక్యం నేనే కలిపాను: ముసలివాళ్లని, ఒంటరిగా ఉన్నవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. పై ఆఫీసుకి పంపితే వాళ్లూ బాగుందన్నారు.

ఆ వాక్యం ఎందుకు కలిపానంటే, ఆ రోజు ఉదయమే బాక్సుల తాలూకు ఒక ఫారం నింపాను. ప్రతి కంట్రోల్ రూముకీ బాధ్యులైన మనిషి పేరు, ఆ మనిషికి ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో ఆ నంబరు రాయాలి. నా దగ్గర రాయటానికి నంబరు లేదు. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని మా ఆఫీసు నంబరే రాశాను. ఇంజనీరు అది చూసి ఫారం మడిచి కవర్లో పెట్టుకున్నాడు.

రేపల్లెలో బాక్సు పెట్టటం ఒక్క రోజులో అయిపోయింది. తెనాలి నుంచి ప్యాసింజరులో వెళ్లాం. రైలు పొలాల మధ్య నుంచి తీరుబడిగా పోతుంటే ఇంజనీరు నిద్రపోయాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని నా వాక్యాలు లోపల్లోపల చెప్పుకుంటూ ఉన్నాను. అక్కడ లైన్లు కలిపి, సరిచూసుకుని, అదే రైల్లో వెనక్కి వచ్చాం. మర్నాడు బాపట్ల. అక్కడి ఆపరేటరు మా అందరికంటే పాతవాడు, నేను అన్నయ్యా అంటాను. పూర్తి పరీక్ష అక్కడే చేద్దామన్నారు, సముద్రం దగ్గర కాబట్టి. తీరం ఊళ్లన్నిటికీ ముందురోజే కబురు పంపించారు. ఫోన్ల గ్రూపుల్లో పెట్టారు. ఉదయం పదకొండు గంటలకి టీవీల్లో హెచ్చరిక వస్తుంది, అది పరీక్ష మాత్రమే, ఎవరూ కంగారుపడొద్దు అని.

ఇక్కడ జరిగింది దాచకుండా చెప్పాలి. తెర మీద పెద్ద అక్షరాలతో "ఇది పరీక్ష" అని పెట్టాం. గొంతులో ఆ మాట లేదు. ఇంజనీరు నన్ను అడిగాడు కూడా.

"గొంతులో కూడా ఇది టెస్ట్ అని చెప్పిద్దామా అండీ?"

మళ్లీ బొంతలు వేలాడదీయాలి. ఆ సామానంతా తెనాలిలో ఉంది. తిరుగు రైలు టైము చూసుకున్నాను. తెర మీద అంత పెద్దగా ఉంది కదండీ, చాలు అన్నాను.

పదకొండు గంటలకి తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. బీప్ మోగింది. అన్నయ్య శబ్దం పెంచాడు. గదిలో ఉన్న అన్ని టీవీల్లోంచీ నా గొంతు వచ్చింది. సీరియల్లో ఏడుస్తున్న అమ్మాయి మాయమైపోయింది, వంటల కార్యక్రమం ఆగిపోయింది, అన్ని చోట్లా నేనే. ఒక్క అక్షరం కూడా తెగలేదు. ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సీరియల్ పోయిందని తిట్టటానికి అన్నయ్యకి వరసగా ఫోన్లు వచ్చాయి. అంటే అందరికీ చేరింది కదా అని నవ్వుకున్నాం. హోటల్లో భోజనం చేసి రైలెక్కాను.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాను. ఇన్నేళ్ల తర్వాత నా గొంతు అన్ని ఇళ్లలోకీ వెళ్లింది. నీ గొంతు విన్నామే అని ఎవరైనా ఫోను చేస్తారేమో అనిపించింది. బాపట్లలో చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ ఉంది, తనన్నా చేస్తుందేమో అనుకున్నాను. ఫోను పక్కనే పెట్టుకుని అన్నం తిన్నాను. ఎవరూ చేయలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి అన్నయ్య నుంచి ఫోను వచ్చింది. సూర్యలంక వెళ్లే దారిలో సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉంది. అక్కడ ఒక ముసలావిడ నిన్న మన హెచ్చరిక విని షెల్టర్‌కి వెళ్లి, చీకటి పడే వేళ దాకా దాని మెట్ల మీద కూర్చుందట. షెల్టర్‌కి తాళం వేసి ఉందట. పక్కింటి ఆవిడ సాయంత్రం సంతనుంచి వచ్చి, వెతుక్కుంటూ వెళ్లి తీసుకొచ్చిందట.

"జ్వరం వచ్చిందంట. మేకని కూడా వదిలేసిందంట, అది ఇంకా దొరకలేదంట" అన్నాడు. తర్వాత, "నువ్వేం చేస్తావులే చెల్లెమ్మా" అన్నాడు.

మేనేజరుని సెలవు అడిగి మధ్యాహ్నం రైలు ఎక్కాను. బాపట్లలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అతను బీచికా అన్నాడు. మామూలు రోజుల్లో ఆ దారిన బీచికి తప్ప బయటివాళ్లు ఎవరూ పోరు. పల్లెలో దిగాను. వలలు ఆరేసి ఉన్నాయి, ఎండుచేపల వాసన గాలి నిండా ఉంది. పక్కింటి ఆవిడ ఎవరో తేలిగ్గానే తెలిసింది, ఎండుచేపలు అమ్మే మనిషి, నలభై ఏళ్లుంటాయి. నేను ఫలానా అని చెబితే ముందు ఆమె ముఖం గట్టిపడింది. తర్వాత తనే మాట్లాడటం మొదలుపెట్టింది. పరీక్ష సంగతి ముందురోజు ఊరందరికీ ఫోన్లలో తెలిసింది. ముసలావిడకి ఫోను లేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. తను కూడా అలాగే అనుకుని సంతకి పోయిందట, ఆ వేళకి మిగతావాళ్లు చాలామంది సంతలోనో వేటలోనో ఉన్నారట. ఆ మాట అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముసలావిడ ఇల్లు ఒక్క గది. తాటాకు పాకకి ముందు వైపు రేకు దించారు. గదిలో మూలన చిన్న టీవీ ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ మంచం మీద దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. కొడుకు వేటకి పోయి చాలా ఏళ్ల కిందటే చనిపోయాడని, పింఛను మీద ఒక్కతే ఉంటుందని పక్కింటావిడ దారిలో చెప్పింది.

గుమ్మంలో నిలబడి, మామ్మా, ఒంట్లో ఎలా ఉందండీ అన్నాను. అంతే అన్నాను. ఆవిడ తల తిప్పింది.

"నువ్వేనా? టీవీలో చెప్పింది నువ్వే కదూ?"

అవునండి అన్నాను. రా, కూర్చో అంది. పీట మీద కూర్చున్నాను. ఆవిడ కోపంగా లేదు. జరిగిందంతా నాకు చెప్పటం తన పని అన్నట్టు చెప్పింది. టీవీ పెట్టుకుని ఉంటే బొమ్మ పోయింది. కుయ్యిమని మోత వచ్చింది. తర్వాత గాలి వస్తోంది, షెల్టర్‌కి పొమ్మని విన్నది. వెంటనే లేచింది. పలుపులు విప్పమన్నారు కాబట్టి మేక పలుపు విప్పింది. గంప కింద కోళ్లని వదిలింది. మందుల కవరూ, పింఛను పుస్తకమూ, ఒక చీరా మూట కట్టుకుంది. బయటికొచ్చి చూస్తే ఎండ కాస్తోంది. అయినా గాలి వచ్చే ముందు ఒక్కోసారి అలాగే ఉంటుందిలే అనుకుంది.

"ఒంటిగా ఉన్నోళ్లని ఎంటబెట్టుకుని పొమ్మన్నావు కదా. ఎవరన్నా వస్తారేమో అని గుమ్మంలో కూచున్నాను. సానాసేపు కూచున్నాను. ఎవరూ రాలా. అందరూ పోయినట్టున్నారు, నన్ను మర్చిపోయారేమోలే అని నేనే బయల్దేరాను."

అది పరీక్ష మామ్మా, మిషను పని చేస్తుందో లేదో చూట్టానికి వేశాం అని చెప్పాను.

"మరి ఆ ముక్క ఎందుకు చెప్పలా?"

"పైన అక్షరాల్లో రాశామండి."

"నాకు సదువు రాదు కదమ్మా" అంది. నన్ను తప్పుపట్టినట్టు కాకుండా, ఏదో తన లోపాన్ని ఒప్పుకుంటున్నట్టు అంది. అలా కాకుండా నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. గొంతులో చెప్పిద్దామా అని నన్ను అడిగారనీ, రైలు తప్పిపోతుందని నేనే వద్దన్నాననీ అప్పుడు ఆవిడకి చెప్పేశాను. నిజానికి ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ విని, రైలు దొరికిందా అని అడిగింది. దొరికిందండి అన్నాను.

ఆ సాయంత్రం పక్కింటావిడా నేనూ మేక కోసం వెతికాం. సరుగుడు తోటల్లో తిరిగాం. నల్లమేక, ఒక చెవికి తెల్లమచ్చ ఉంటుందని ముసలావిడ చెప్పింది. కనపడ్డ మేకల మందల దగ్గరల్లా ఆగి చూశాం. సముద్రం వైపు వెళ్లి రిసార్టుల వెనక కూడా చూశాం. అక్కడ ఎవరో కుర్చీల్లో కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతున్నారు, వాళ్లని అడిగితే ఈ మనుషులు ఏం అడుగుతున్నారన్నట్టు చూశారు. ఇసుకలో నడిచి నడిచి చెప్పుల పట్టీ తెగిపోయింది. మేక దొరకలేదు. ఆ తర్వాత కూడా దొరకలేదు. ఎవరో కోసుకుని ఉంటారని ముసలావిడే అంది. మేం వెనక్కి వచ్చేసరికి ఆవిడ జ్వరం మీదే లేచి పొయ్యి వెలిగించి అన్నం వండి ఉంచింది. వద్దన్నా వినలేదు. చేపల పులుసుతో తిన్నాను. తింటున్నంతసేపూ ఆవిడ నన్ను మాట్లాడించింది. ఎందరు పిల్లలు అని అడిగింది. పెళ్లి కాలేదండి అన్నాను. మరి ఇంట్లో ఎవరుంటారు అంది. ఎవరూ లేరండి అన్నాను. ఆవిడ ఇంకాస్త పులుసు వేసింది.

ఆఫీసుకి వచ్చాక నా వల్ల జరిగిన తప్పు కాగితం మీద రాసి మేనేజరుకి ఇచ్చాను. ఇంజనీరుకి ఫోను చేసి, పరీక్ష హెచ్చరికల్లో ఇది పరీక్ష అని మొదట్లో, మధ్యలో, చివర్లో గొంతు చెప్పాలన్నాను. నిడివి పెరుగుతుందని ఆయన కొంచెం వెనకాడాడు. తర్వాత అది తనకే తట్టాల్సిందని ఒప్పుకున్నాడు. మళ్లీ బొంతలు కట్టి రికార్డు చేశాం. ఆ పల్లెలో ఒంటరిగా ఉండేవాళ్ల జాబితా ఒకటి రాసి, ఒక్కొక్కరి బాధ్యత ఒక్కో ఇంటికి అప్పజెప్పమని ఆ ఊరి సచివాలయ ఉద్యోగికి చెప్పించాను. ముసలావిడ బాధ్యత పక్కింటావిడ తీసుకుంది. ఆమె నంబరు నేను రాసుకున్నాను.

నిజమైన హెచ్చరిక ఆ ఏడాది వానాకాలం చివర్లో వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. తెనాలిలో అప్పటికే మబ్బు కమ్మి గాలి మొదలైంది. రోడ్లు మూసుకుపోతాయేమోనని మా ఆఫీసులో మిగతావాళ్లని తొందరగా ఇళ్లకి పంపేశారు. నేను దగ్గర్లోనే ఉంటాను కాబట్టి ఉంటానన్నాను. ఎదురుగా తెరలన్నీ ఒకేసారి నల్లబడ్డాయి. బీప్ వచ్చింది. నా గొంతు చెప్పటం మొదలుపెట్టింది. బాపట్లలోనూ రేపల్లెలోనూ అదే క్షణాన మొదలైందని బాక్సు మీద పచ్చ దీపాలు చూపించాయి. నేను కాగితం రాయలేదు, ఎవరికీ ఫోను చేయలేదు. కుర్చీలో కూర్చుని నేను చెబుతున్నది నేనే విన్నాను. వెనకటి రోజుల్లో ఈ వేళకి అన్నయ్యతోనూ రేపల్లె ఆపరేటరుతోనూ మాటలు సాగుతుండేవి. వాళ్ల వెనక వాన చప్పుడు వినపడేది. ఇప్పుడు ఎవరితోనూ పని లేదు.

అరగంట ఆగి పక్కింటావిడకి ఫోను చేశాను. ఆమె గొంతులో కంగారు తెలుస్తోంది.

"మామ్మ రానంటందక్కా. పోయినసారి కూడా ఇట్టాగే చెప్పింది, ఆ అమ్మాయి ఉత్తుత్తినే చెబుద్ది అంటంది. అందరూ షెల్టర్‌కి పోయే బస్సెక్కేశారు. పిల్లలు ఏడుస్తన్నారు."

ఫోను మామ్మ చెవి దగ్గర పెట్టమన్నాను. గాలి చప్పుడు వినపడింది, తర్వాత ఆవిడ ఊపిరి.

"మామ్మా, నేనండి. తెనాలి నుంచి. ఇది నిజం. ఈసారి ఉత్తుత్తిది కాదు."

"టీవీలో కూడా నువ్వేగా సెప్పింది."

"అదీ నిజమేనండి. పోయినసారి తప్పు నాది. ఈసారి నా మాట నమ్మండి. మీ పక్కింటావిడతో బస్సెక్కండి."

"నువ్వు యాడున్నావు?" అంది.

"ఆఫీసులో ఉన్నానండి."

"నీ దగ్గర ఎవరున్నారు?"

గది అంతా చూశాను. ఖాళీ కుర్చీలు, తెరలు. నేను నిజం చెబితే ఆవిడ కదలదేమో అనిపించింది.

"అందరం ఉన్నామండి" అన్నాను.

"అయితే సరే" అంది. ఫోను పక్కింటావిడకి వెళ్లిపోయింది. మూట తీసుకో మామ్మా, నిన్ను నేను పట్టుకుంటా పద అని ఆమె అనటం వినపడి లైను తెగిపోయింది.

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. కరెంటు పోయింది, బ్యాటరీ మీద బాక్సు నడిచింది. గంట గంటకీ నా గొంతు వచ్చి అదే మాట చెప్పి ఆగిపోయేది. వాన కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు తాళం వేసి ఇంటికి నడిచాను. వీధిలో ఒక వేపచెట్టు పడిపోయి ఉంది. మా మెట్ల మీద నీళ్లు నిలిచాయి.

తుఫాను మా వైపు అనుకున్నంత బలంగా తగల్లేదు. ఆ పల్లెలో మాత్రం ముందు వరసలో కొన్ని పాకలు పడిపోయాయి. ముసలావిడ పాక వాటిలో ఒకటి. రేకు ఎగిరి ఎక్కడో పడిందట, గోడ ఒకటి మంచం మీదికి కూలిందట. మర్నాడు పొద్దున నేను కాఫీ పెట్టుకుంటుంటే పక్కింటావిడ ఫోను నుంచి ఆవిడే మాట్లాడి ఇదంతా చెప్పింది. మంచం ఇరిగిపోయిందమ్మా అని రెండుసార్లు అంది. నేను స్టవ్వు కట్టేసి నేల మీద కూర్చుండిపోయాను. అక్కడ గాలి తగిలిందా అని అడిగింది. పెద్దగా లేదండి అన్నాను. షెల్టర్లో ఉప్మా పెడుతున్నారు, ఉంటానమ్మా అని పెట్టేసింది.

తర్వాత ఏడాది బాక్సుల్లో కొత్త గొంతు వచ్చింది. మిషను గొంతే, కానీ ఇప్పుడది అమృతలూరుని చక్కగా పలుకుతుంది, సూర్యలంకని ఒక్క మాటగా అంటుంది. ఎక్కడా అలసట ఉండదు, చెమట పట్టదు. ఏ ఊరి పేరు కావాలన్నా అప్పటికప్పుడు చెబుతుంది. నా రికార్డింగులు తీసేయటానికి సమ్మతి కాగితం పంపితే సంతకం పెట్టి ఇచ్చాను. ఇంజనీరు మర్యాదగా ఫోను చేసి, మీ మాటలే ఉంచామండీ, గొంతు ఒక్కటే మార్చాం అన్నాడు. అది నిజమే. ఒంటరిగా ఉన్నవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి అన్న వాక్యం అలాగే ఉంది. మంచి గొంతండీ, నాకంటే స్పష్టంగా ఉంది అన్నాను. మనసులోనూ అలాగే అనుకున్నాను. అయినా ఆ రోజు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. మాట్లాడకపోయినా ఎవరికీ తేడా తెలియలేదు.

ఇప్పుడు నన్ను రేపల్లె కంట్రోల్ రూముకి మార్చారు. రోజూ పొద్దున తెనాలిలో రైలెక్కి, చివరి స్టేషన్లో దిగి, సాయంత్రం తిరిగి వస్తాను. నెలకోసారి ఉదయం పదకొండు గంటలకి పరీక్ష వేస్తారు. ఇది పరీక్ష అని కొత్త గొంతు మూడుసార్లు చెబుతుంది. నేను శబ్దం పెంచి చివరిదాకా వింటాను. అది అయిపోయాక పక్కింటావిడకి ఫోను చేసి, మామ్మకి చెప్పారా అని అడుగుతాను. చెప్పానక్కా అంటుంది. ఒక్కోసారి ముసలావిడ ఫోను తీసుకుని, ఇయ్యాల సెప్పింది నువ్వు కాదుగా అంటుంది. కాదండి, మిషను అంటాను. బాగుందా అంటే, బాగానే ఉందిలే అంటుంది.

పోయిన నెల ఫోను చేస్తే పక్కింటావిడ చాలాసేపటికి తీసింది. ముసలావిడని నిజాంపట్నం వైపు ఉండే చెల్లెలు వచ్చి తీసుకెళ్లిందట. ఒంట్లో బాగుండట్లేదని, కొన్నాళ్లు అక్కడే ఉంటుందని చెప్పింది. ఆ ఇంట్లో టీవీ ఉందా అని అడిగాను. ఏమో అక్కా, తెలియదు అంది. చెల్లెలి నంబరు ఆమె దగ్గర లేదు. ఎవరినైనా అడిగి చెబుతానంది. ఫోను పెట్టేసి, పరీక్ష సరిగ్గా జరిగిందని రిజిస్టరులో రాసి, తెరల శబ్దం తగ్గించాను.